అమెరికా దొర గళ్ల ప్యాంటు

గుడ్డ మనిషి మానం కాపాడుతుందని లోకమంతా నమ్ముతుంది. ముప్పై మీటర్ల గుడ్డ నేసి, దానితో సొంత బామ్మర్ది మానాన్ని నడిబజారులో తీసిన నేతగాడి కోసం మీరు బొంబాయి పక్కనున్న మా భివండీ అంతా వెతికినా ఒక్కడే దొరుకుతాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ ఘనకార్యంలో నాకు శత్రువుల సాయమేదీ అందలేదు. ఒక స్కేలు, ఒక పెన్సిలు, నా తెలివితేటలు సరిపోయాయి.

నేను తేదీ వేయకుండా డైరీ రాయను, కొలవకుండా మాట్లాడను. ఇంట్లో పాలు విరిగితే ఏ గిన్నెలో ఎన్ని నిమిషాలకు విరిగాయో రాసిపెట్టుకునే మనిషిని. ఈ గుణం వల్ల నా జీవితంలో తప్పులు తగ్గుతాయని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. తగ్గలేదు. జరిగిన తప్పులు మాత్రం చాలా కచ్చితంగా జరిగాయి.

అప్పటికి నాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. మామగారు పోయాక వారి పన్నెండు సాంచాలు, అంటే పవర్‌లూములు, నా చేతికి వచ్చాయి. వాటితోపాటు వారి ఒక్కగానొక్క కొడుకు భూమేష్ పెళ్లి బాధ్యత కూడా వచ్చింది. సాంచాలు రోజంతా అరుస్తూనే ఉంటాయి. భూమేష్ రోజంతా నోరు విప్పడు. తెగిన పోగును కళ్లు మూసుకుని తడిమి ముడివేయగల పనిమంతుడే గాని, ఎదుట మనిషి కనబడితే చాలు, అతని చూపు జారి తన కాలి బొటనవేలి మీద పడుతుంది.

ఆ బొటనవేలి మనిషి ఒకనాడు తలెత్తి, మా ఆవిడ పద్మతో తెగేసి చెప్పాడు.

"అక్కా, గైబీ నగర్ల నర్సయ్య సేఠ్ బిడ్డ లేదా, సరిత. చేసుకుంటె గామెనే చేసుకుంట. లేకుంటె నా ముంగట పెళ్లి ముచ్చటే తియ్యకుండ్రి."

ఆ అమ్మాయి నూలు దుకాణంలో బిల్లులు రాస్తుందనీ, మావాడు నూలు కొనే నెపంతో ఆమెను చూసి వస్తున్నాడనీ తర్వాత తేలింది. అవసరానికి మించిన నూలు మా కార్ఖానాలో గుట్టగా ఎందుకు పెరుగుతోందో నాకు అప్పటిదాకా లెక్క కుదరలేదు.

చిక్కంతా నర్సయ్యగారితోనే. మా నేతవాళ్లలో పెళ్లిచూపులంటే మీకు తెలియకపోవచ్చు. వచ్చిన పిల్లవాడి ముఖం చూడటానికి ముందే పెద్దవాళ్లు అతడి చొక్కా అంచో, ప్యాంటు అంచో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి నలిపి చూస్తారు. "ఏడ నేసింది?" అన్నది మొదటి ప్రశ్న. "చదువెంత?" అన్నది నాలుగోదో అయిదోదో. మాకు మనిషి కంటే ముందు గుడ్డ కనబడుతుంది. గుడ్డ నచ్చితే లోపల మనిషున్నాడా అని ఆ తర్వాత విచారిస్తాం. అందులోనూ నర్సయ్యగారు రంగుల చొక్కా బట్ట నేయించే ఆసామి. మేము నేసేది రంగూ రూపూ లేని గ్రే గుడ్డ. అప్పటికే ఇద్దరు పెళ్లికొడుకులను ఆయన "గ్రే నేసేటోళ్లా? మా బిడ్డ రంగుల నడుమ పెరిగిందయ్యా" అంటూ మర్యాదగా చాయ్ తాగించి సాగనంపాడని వినికిడి.

"బావా, నేనేం తొడుక్కోవాల్నో నువ్వే జూడు" అన్నాడు భూమేష్. మేక తనంత తానే నడిచి వచ్చి, కాస్త దారి చూపమని పులిని అడిగినట్టయింది.

సరిగ్గా ఆ వారమే ఊరి పక్క కాల్హేర్‌లో గోడౌను పని చేసే మా దోస్తు గంగన్న నాకొక పటం ఇచ్చాడు.

"అద్దం పలిగిందని పారేస్తుంటె అడిగి తెచ్చిన. హోటళ్ల గోడలకు పెట్టేటిదంట. అమెరికాల శాన పాత బొమ్మ. సదువుకున్నోనివి, నీకేమన్న పనికొస్తదేమో."

పనికొచ్చింది. ఎంతగా పనికొచ్చిందో మీరే చూడబోతున్నారు.

అచ్చు వేసి, మీద చేత్తో రంగులద్దిన బొమ్మ అది. రెండు వందల ఏళ్ల నాటి అమెరికా వీధి. కింద ఇంగ్లీషులో 'ఆదివారపు షికారు' అని ఉంది. నడుమ ఒక దొర రొమ్ము విరుచుకుని నడుస్తున్నాడు. నెత్తిన పొగగొట్టం లాంటి టోపీ, చెవుల దాకా నిక్కిన కాలరు. ఇక ఆ ప్యాంటు! ఆవపిండి పసుపు మీద చిలకపచ్చ గళ్లు, గడికీ గడికీ నడుమ ఎర్రని గీత. ఇన్నేళ్లుగా రంగులేని గుడ్డ తప్ప మరొకటి నేయని నా కళ్లకు అది పండగ పూట విస్తరిలా కనబడింది. ఆ దొర ముఖం ఎలా ఉందని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి. ప్యాంటు మాత్రం పోగు పోగూ చెప్పగలను.

ఇంటికి తెచ్చి గోడకు ఆనించగానే అక్కాతమ్ముళ్లు చెరోవైపు చేరారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, వాళ్లు అడగవలసిన ప్రశ్నలన్నీ ఆ రోజే అడిగారు.

"బావా, గీ కుక్క గట్లెందుకు ఉరుకుతున్నది? తోక కాళ్ల నడుమ పెట్టుకున్నది గద?"

"పెద్దమనిషికి దోవ ఇస్తున్నది. అమెరికాల కుక్కలకు సుత మర్యాద ఎక్కువ."

"మరి గీ పోరగాడు కడుపు పట్టుకుని వంగిండేంది?" అంది పద్మ.

"ఆకలి. గప్పుడు అక్కడ కరువుండొచ్చు."

"కరువైతె ఏలు పెట్టి ప్యాంటు దిక్కెందుకు సూపెడతరు పక్క పోరలు?"

"గుడ్డ బాగుందని."

"గీ ఆడామె ఇసనకర్ర మూతికి అడ్డం పెట్టుకున్నది."

"సిగ్గు."

"గా ముసలామె కండ్లద్దాలు నొసటి మీదికి లేపింది."

"గంత మెరిసే గుడ్డను అద్దాల్లోంచి జూస్తే కండ్లు పోవా? లేపి జూస్తున్నది."

పద్మ కాసేపు బొమ్మనూ, కాసేపు నన్నూ చూసింది. "ఇగో, నాకైతె అందరు నవ్వుతున్నట్టె కొడుతున్నది" అంది.

"నీకు గుడ్డ మీద చూపు లేదు పద్మా" అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడట వెనకటికొకడు. నేను వాడికంటే రెండాకులు ఎక్కువ చదివినవాణ్ణి గనుక ఆ మూడు కాళ్లనూ మిల్లీమీటర్లలో కొలిచి చూపించగలను. ఆ సాయంత్రం డైరీలో తేదీ వేసి, కుక్క మర్యాద, పిల్లవాడి ఆకలి, ముసలమ్మ అబ్బురం అన్నీ వరుసగా రాసుకున్నాను.

తర్వాత స్కేలు తీశాను. దొరను టోపీతో కొలవాలా, టోపీ లేకుండా కొలవాలా అన్న మీమాంసలో ఒక పూట గడిచింది. పెళ్లిచూపులకు మావాడు టోపీ పెట్టుకోడు గనుక టోపీ తీసేసి కొలిచాను. నెత్తి నుంచి బూటు దాకా పదిహేడు సెంటీమీటర్లు. భూమేష్‌ను గోడకు నిలబెట్టి కొలిస్తే నూట డెబ్బై. సరిగ్గా పదింతలు! లెక్క ఇంత చక్కగా తెగడం దైవ సంకల్పమే అనుకున్నాను. బొమ్మలో గడి సెంటీమీటరు మీద రెండు మిల్లీమీటర్లు. పదింతలు చేస్తే పన్నెండు సెంటీమీటర్లు. అంటే ఒక్కో గడి పూరీ అంత అన్నమాట. బొమ్మ గీసినవాడు ఆ గడిని కావాలనే పెంచి ఉండవచ్చు గదా అన్న ఆలోచన నా బుర్ర దరిదాపుల్లోకి కూడా రాలేదు. మా వృత్తిలో నమూనా అంటే నమూనాయే. దానికంటే ఒక్క పోగు పెరిగినా తప్పు, తగ్గినా తప్పు.

మామగారి కాలంలో లుంగీలు నేసిన, నాలుగు రంగుల అడ్డపోగు ఆడించే నాలుగు నాడెల పాత సాంచ ఒకటి కార్ఖానా మూలన బూజుపట్టి ఉంది. దాన్ని తుడిచి, నూనె పోసి, భూమేష్ పుణ్యమా అని గుట్టపడిన నూలుకు రంగులద్దించి, నాలుగు రోజులు పక్కకు ఎవరినీ రానీయకుండా నేనే నేశాను. నిజం చెప్పాలి గదా, నేత మాత్రం అద్భుతంగా కుదిరింది.

గుడ్డ పట్టుకుని దర్జీ రహీమ్ చాచా దగ్గరికి వెళ్లాం. ఆయన గుడ్డ విప్పి, పరిచి, తలాడించాడు.

"అచ్ఛా హై సేఠ్. పర్దా కిత్నా లంబా రఖూఁ?" కిటికీ తెర ఎంత పొడవు పెట్టాలని అడుగుతున్నాడు.

"పర్దా నై చాచా. ప్యాంట్."

చాచా మెడలోంచి టేపు తీసి, మళ్లీ మెడలో వేసుకున్నాడు. "ప్యాంట్? ఆద్మీ కా?"

మనిషికేనని చెప్పి భూమేష్‌ను చూపించాను. ఆయన మావాడి వైపు చాలాసేపు జాలిగా చూసి, పైకి చూసి, కొలతలు రాసుకున్నాడు. ఒక్కో కాలి మీద అడ్డంగా రెండు గళ్లు కూడా పూర్తిగా పట్టలేదు.

పెళ్లిచూపుల ఆదివారం వచ్చింది. 'ఆదివారపు షికారు' అని బొమ్మ కింద ఉండటం, మాకూ ఆదివారమే కుదరడం చూసి నేను మరోసారి దైవానికి నమస్కరించాను. భూమేష్ ప్యాంటు తొడుక్కుని బయటికి వచ్చాడు. పద్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. తమ్ముడు పెళ్లికొడుకవుతున్నాడన్న ఆనందబాష్పాలని డైరీలో రాసుకున్నాను. అవి ఎంతకీ ఆగక ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. ఆధారం లేకుండా మాట్లాడే అలవాటు లేదు గనుక పటాన్ని పాత దుప్పటిలో చుట్టి చంకన పెట్టుకున్నాను.

ఆటోవాలా అద్దంలోంచి రెండుసార్లు చూసి అడిగాడు. "భాయ్, కౌన్‌సీ కంపనీ కా ప్రచార్ హై?"

మేము ఏ కంపెనీ ప్రచారానికీ పోవడం లేదు. "చలో, చలో" అన్నాను.

గైబీ నగర్ గల్లీలో నూలు మూటల టెంపో ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఆటో దిగి నడవక తప్పలేదు. గల్లీ మొదట్లో ఎర్రకుక్క ఒకటి పడుకుని ఉంది. రెండు వైపులా సాంచాలు దడదడలాడుతున్నా కదలని కుక్క అది. అది ఒక కన్ను తెరిచింది. రెండో కన్నూ తెరిచింది. లేచింది. తోక కాళ్ల నడుమ పెట్టుకుని, వెనక్కి చూసుకుంటూ ఒకటే పరుగు.

భూమేష్ ఆగిపోయాడు. పరుగెత్తే కుక్కను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"బావా…"

"దోవ ఇస్తున్నది. నడువ్" అన్నాను.

అతడు నడిచాడు. ఆ నడక నాకు ధైర్యంగా తోచింది. ఆటలు మానేసి పిల్లలు మా వెంట పడ్డారు. ఒకడు వేలు పెట్టి చూపించాడు. ఇంకొకడు కడుపు పట్టుకుని వంగిపోయాడు. పాపం, మధ్యాహ్నం అన్నం తిన్నాడో లేదో అనుకున్నాను!

నర్సయ్యగారి ఇంట్లో తెల్లని చాప పరిచి ఉంది. మేము కూర్చున్నాం. ఆయన మర్యాదస్తుడు. చూపు మావాడి మోకాళ్ల మీద పడగానే దాన్ని గోడ మీది క్యాలెండరు వైపు తిప్పుకున్నారు. మూలన మంచం మీద ఆయన తల్లి, సరితకు బాపమ్మ, కూర్చుని ఉంది.

"నర్సిగా, గా చాప మీద పరుపెవడు మడిచి పెట్టిండురా?" అంది.

"పరుపు కాదమ్మా, పిలగాడు."

పెద్దావిడ కదా అని భూమేష్ దండం పెట్టడానికి లేచి నిలబడ్డాడు.

"ఓయమ్మో! పరుపు లేసింది!" అంటూ ఆమె కళ్లద్దాలు నొసటి మీదికి లేపింది.

గుమ్మంలో పిల్లల గుంపు గొల్లుమంది. నర్సయ్యగారు వాళ్లను కసిరి, ఆచారం ప్రకారం వంగి మావాడి ప్యాంటు అంచును రెండు వేళ్ల నడుమ పట్టి నలిపారు. భూమేష్ బతుకంతా ఆ రెండు వేళ్ల నడుమ ఉంది.

"నేత మంచిగున్నది. పోగు సాఫున్నది. గడి ఒక్క నూలువాసి జరగలే" అన్నారు ఆయన. అంచు వదిలేసి, "ఏమనుకోకు గాని, గిది ఎవలకు సప్లయ్ చేస్తున్నరు? సర్కస్‌కా?" అన్నారు.

"ఎవలకీ కాదు. మీ అల్లుడొక్కని కోసమే నేసిన."

"ఇంక అల్లుడు కాలే" అన్నారు నర్సయ్యగారు, చాలా స్పష్టంగా.

ఆ మాటకు భూమేష్ చూపు మళ్లీ బొటనవేలి మీదికి దిగింది. బొటనవేలి దాకా పోవాలంటే దారిలో ఆ ప్యాంటు దాటాలి. మధ్యలోనే కళ్లు మూసుకున్నాడు. గ్రే నేసేవాళ్లను సాగనంపే చాయ్ అప్పటికే లోపల మరుగుతోందని వాసన వల్ల తెలుస్తోంది. ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను. దుప్పటి విప్పి, పటాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను.

"సేఠ్‌గారూ, గిది మామూలు డిజైన్ కాదు. అమెరికా దొరల డిజైన్. ఇగో, సాక్ష్యం!"

సరిగ్గా అప్పుడే సరిత చాయ్ పళ్లెంతో వచ్చింది. పటాన్ని చూసింది. పళ్లెం కింద పెట్టింది. ఇంకా దగ్గరికి వచ్చి చూసింది. తర్వాత భూమేష్‌ను చూసింది, మంచం మీద అద్దాలు లేపిన బాపమ్మను చూసింది, గుమ్మంలో కడుపులు పట్టుకున్న పిల్లలను చూసింది. ఆమె చేయి తనంత తానే పైకి లేచి చున్నీ కొసను నోటికి అడ్డం పెట్టింది. కళ్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారు. పెద్దలు మూడోదాన్ని మరిచిపోయారు. నవ్వొచ్చినా ఆగదు.

"అయ్యో దేవా! బాపమ్మా, ఇగో నువ్వు!" అంది పటం మీద వేలుపెట్టి. "గీ పోరలు మన గల్లీ పోరలు. గీ ఇసనకర్రామె నేనే. నానా, సగళే ఆహేత్! అందరున్నరు! కుక్క… కుక్క ఏది?"

"గిప్పుడే ఉరికింది" అన్నాడు గుమ్మంలోంచి ఒకడు.

ఆ పిల్ల మరాఠీ బడిలో డ్రాయింగ్ పరీక్షలు పాసైందని నాకు ఎవరూ చెప్పలేదు. నవ్వు ఆపుకుని, కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా చెప్పింది.

"అన్నా, గిది వ్యంగ్యచిత్రం. మా డ్రాయింగ్ సర్ చెప్తుండె. గప్పట్ల గక్కడ కొత్తగ పైసలొచ్చినోళ్లు ఫ్యాషనని ఏది వడితె గది తొడుక్కుని బజార్ల తిరిగేటోళ్లంట. గాళ్ల మీద గిట్ల బొమ్మలు గీసి, అచ్చేసి, రంగులద్ది దుకాణం కిటికీల పెడుతుండిరంట. జనం బయట నిలవడి నవ్వుకునేటోళ్లు."

సిగ్గుతో చావవలసిన ఆ క్షణంలో కూడా నాకు కుతూహలం చావలేదు. "ఎవర్ని జూసి నవ్వుకునేటోళ్లమ్మా?" అని అడిగాను.

"ఒకళ్లనొకళ్లు జూసి."

"మరి గా గళ్ల ప్యాంటాయన సుత వచ్చి జూసేటోడా?"

"సూసే ఉంటడు. పక్కోని బొమ్మనుకుంటడు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. చేతిలో పటం ఉంది, ఎదురుగా అదే పటం ప్రాణాలతో ఉంది. ఇన్నాళ్లూ ఆ బొమ్మలో నేను చూడనిది మనుషులను మాత్రమే.

నర్సయ్యగారు లేచి నిలబడ్డారు. చాయ్ తాగి వెళ్లమని చెప్పడానికని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఎవరూ ఊహించని పని జరిగింది. భూమేష్ మాట్లాడాడు.

"కుక్క ఉరికినప్పుడే నాకు సమజైంది" అన్నాడు, ప్యాంటుతోనే చెబుతున్నట్టు.

"సమజైతె ఎనకకెందుకు పోలే?" అన్నారు నర్సయ్యగారు.

"మా బావ నాలుగు దినాలు తిండి నిద్ర లేకుండ నేసిండు. కొలిచి కొలిచి నేసిండు. ఎనకకు పోదామంటె గాయిన మొకం ఎట్లయితదో అనిపిచ్చింది. నన్ను జూసి పదిమంది నవ్వితె నవ్వనీ అనుకున్న." తలెత్తి, సూటిగా సరిత వైపు చూశాడు. "నువ్వు నవ్వుతవనుకోలే."

సరిత తండ్రి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అన్నా, మా అందరికీ వినబడింది.

"నానా, గీయననే చేసుకుంట."

"ఏందే? గీ ప్యాంటునా?"

"బావ మనసు నొస్తదని గిసొంటి ప్యాంటు తొడుక్కుని బజారంత నడిచిండంటె, రేపు నేనేం వండినా నోరు మెదపకుండ తింటడు. గసొంటోడు మళ్ల దొరకడు."

బాపమ్మ అద్దాలు కిందికి దించింది. "అవ్! పరుపైతె ఏమాయె, మెత్తగుంటడు" అంది.

చాయ్ తాగాం. అది సాగనంపే చాయ్ కాదు. పెళ్లి ఖాయం చేసుకునేటప్పుడు నర్సయ్యగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. పెళ్లికొడుకుకూ పెళ్లికూతురికీ బట్టలు ఎవరైనా ఎంచవచ్చు, నేను తప్ప. నేను తలవంచి ఒప్పుకున్నాను. పెళ్లిలో నా బట్టలు కూడా పద్మే ఎంచింది.

ఆ ప్యాంటును సరిత పారేయనీయలేదు. బీరువాలో దాచింది. భూమేష్ కోపగించుకున్న రోజున తీసి తలుపుకు తగిలిస్తుందట. అరగంటలో కోపం దిగిపోతుందట. మిగిలిన గుడ్డ మాత్రం నా దగ్గరే ఉంది. పటం మా ఇంటి గోడ మీద, వాళ్ల పెళ్లి ఫోటో పక్కనే ఉంది. నేను తీరిక దొరికినప్పుడల్లా దాని ముందు నిలబడి, ఎన్నడో ఎక్కడో ఆ ప్యాంటు తొడుక్కున్న దొర ఇంటికి వెళ్లాక అతని భార్య ఏమన్నదో, ఆ గుడ్డ నేసినవాడు ఎవరో, అతడికీ ఒక బామ్మర్ది ఉండేవాడేమో అని ఆలోచిస్తుంటాను.

కనుక పన్నెండు సాంచాల సాక్షిగా, నాలుగు నాడెల ఆ పాత సాంచ సాక్షిగా, నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ బొమ్మలోనైనా గుడ్డ ఎంత నచ్చినా సరే, అందులో కుక్క ఎటు పరుగెడుతోందో చూడనిదే నాడెలో దారం ఎక్కించను. బొమ్మలో కుక్క లేకపోతే, తీసుకెళ్లి గైబీ నగర్ ఎర్రకుక్కకు చూపిస్తాను. అది పడుకునే ఉంటేనే నేస్తాను.